సైటులో డబ్ల్యూబీఎస్: అపోహలు - వాస్తవాలు

అపార్ట్‌మెంట్ల నిర్మాణంలో ప్లానింగ్ ఇంజినీరుగా నా మొదటి పని తేదీల పట్టిక కాదు, డబ్ల్యూబీఎస్ (వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్). కట్టబోయే భవనాన్ని పైనుంచి కిందికి కొమ్మలు, రెమ్మలుగా విడదీసి చూపే పటం అది. దాని గురించి సైటులో తరచుగా వినే మాటలివి.

అపోహ: ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీల పద్ధతి.

వాస్తవం: 1950ల చివర అమెరికా నౌకాదళం చేపట్టిన పొలారిస్ క్షిపణి పనిలో దీనికి పునాది పడింది. 1962లో అక్కడి రక్షణ శాఖ, నాసా కలిసి తెచ్చిన మార్గదర్శినిలో ఈ పద్ధతిని వివరించారు. 1968లో సైనిక ప్రమాణమూ వెలువడింది.

అపోహ: చేయాల్సిన పనుల చిట్టా రాస్తే డబ్ల్యూబీఎస్ అయిపోయినట్టే.

వాస్తవం: అందులో రాయాల్సింది చివరికి కంటికి కనిపించేవాటిని. ‘స్లాబు వేయడం’ అని కాక, ‘రెండో అంతస్తు స్లాబు’ అని రాస్తాను. ‘వేయడం’ అంటే కాంక్రీటు పోయగానే పని అయిపోయిందంటాడు మేస్త్రి. ‘స్లాబు’ అంటే సెంట్రింగ్, ఇనుము, లోపల దాగే కరెంటు పైపులు, కాంక్రీటు, క్యూరింగ్ అన్నీ లెక్కలోకి వస్తాయి.

అపోహ: సివిల్, ఎలక్ట్రికల్, లిఫ్టు అని కాంట్రాక్టుల వారీగా విడదీస్తే సరిపోతుంది.

వాస్తవం: నేనూ ఒకసారి అలాగే గీశాను. లిఫ్టు గుంతకు వాటర్‌ప్రూఫింగ్ ఎవరి కొమ్మలోనూ లేదు. అది లిఫ్టువాళ్ల పని అని సివిల్ వాళ్లు, గుంత సిద్ధం చేసి ఇవ్వాల్సింది సివిల్ వాళ్లేనని లిఫ్టువాళ్లు అనుకున్నారు. తొలి పెద్ద వానకు గుంతలో మోకాలి లోతు నీళ్లు. తప్పు వాళ్లది కాదు, నా పటానిది. ఈ పద్ధతిలో నూరు శాతం నియమం ఒకటుంది: పిల్ల కొమ్మలన్నీ కలిపితే తల్లి కొమ్మ పూర్తిగా రావాలి, తగ్గకూడదు, మించకూడదు. అందుకే ఇప్పుడు భవనం భాగాలను బట్టి విడదీసి, ఎవరు చేయాలన్నది ఆ తర్వాతే రాస్తున్నాను.

అపోహ: ఎంత చిన్న ముక్కలు చేస్తే అంత పట్టు దొరుకుతుంది.

వాస్తవం: ఒక్కో ముక్క 8 నుంచి 80 గంటల పని ఉండాలన్న లెక్క చాలామంది చెబుతారు. నిర్మాణంలో దాన్ని గుడ్డిగా పట్టుకుంటే చిక్కే. మామూలు సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజుల క్యూరింగ్ కావాలని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, ఆ నీళ్లు పట్టడాన్ని రోజుకో ముక్కగా నరికితే ఒరిగేదేమీ లేదు. ఖర్చు, కాలం అంచనా కట్టగలిగి, బాధ్యుడిగా ఒక్క పేరు రాయగలిగితే నేను అక్కడ ఆగిపోతాను.

అపోహ: ఏ పని ముందో, ఏది వెనుకో ఇందులోనే తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. అది షెడ్యూలు పని.

అపోహ: ఒకసారి గీశాక మార్చకూడదు.

వాస్తవం: మధ్యలో యజమాని టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు కావాలంటే, ఖర్చు ఒప్పుకొని సంతకం పెట్టిన రోజే కొత్త కొమ్మ గీయాలి. నోటిమాట మీద పని మొదలైతే, బిల్లు పెట్టే రోజున ‘ఇది మొదటి ధరలోనే ఉంది కదా’ అంటారు.