మ్యాన్‌కైండ్ పాత సంచికలు: స్కానర్ దాకా రాకముందు కథ

1955 డిసెంబరు 10న సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా హైదరాబాదు నుంచి అంబేడ్కర్‌కు ఒక ఉత్తరం రాశారు. ఆయన పెట్టబోయే పత్రిక ఇంకా బయటికి రాలేదు, పేరు మాత్రం ఖాయమైంది: మ్యాన్‌కైండ్. కులాన్ని దాని క్రూరత్వమంతటితో సహా విప్పి చూపాలనుకుంటున్నాం, మీరొక వ్యాసం ఇవ్వండి అని అడిగారు. కోపంతో పాటు సానుభూతి కూడా కలవాలని, షెడ్యూల్డు కులాలకే కాక దేశ ప్రజలందరికీ మీరు నాయకులు కావాలని కూడా అందులో రాశారు. 1956 ఆగస్టులో పత్రిక మొదలైంది. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇద్దరి మధ్య మళ్లీ ఉత్తరాలు నడిచాయి. కలుసుకుందామనుకున్నారు, కుదరలేదు. డిసెంబరు 6న అంబేడ్కర్ పోయారు.

ఈ ఉత్తరాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే, కులవ్యవస్థ మీద లోహియా పుస్తకాన్ని 1964లో హైదరాబాదులోనే నవహింద్ ప్రచురణల వాళ్లు వేసినప్పుడు అందులో చేర్చారు కాబట్టి. మరి పుస్తకంలోకి ఎక్కనివి? పాఠకుల ఉత్తరాలు, చందా రేట్లు, ఏ కాలమ్ ఏ నెలలో ఆగిపోయింది, ఎవరి ప్రకటనతో ఆ నెల ప్రెస్సు బిల్లు కట్టారు? సోషలిస్టు పత్రికలన్నిటినీ డిజిటైజ్ చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా “లోహియా సంకలిత రచనలు తొమ్మిది సంపుటాలున్నాయిగా, ఇంకేం కావాలి” అనేవాళ్లుంటారు. సంపాదకుడి రాతలు వేరు, పత్రిక వేరు. నా పట్టుదలంతా దీని మీదే.

అసలు ఈ పత్రిక హైదరాబాదుకు ఎందుకొచ్చిందో చెప్పాలంటే కేరళ దాకా వెళ్లాలి. 1954లో తిరువాన్కూరు-కొచ్చిలో ప్రజా సోషలిస్టు పార్టీ ప్రభుత్వం నడుస్తోంది. ఆ ఆగస్టులో తమిళ ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న లోహియా, సొంత పార్టీ ప్రభుత్వమే రాజీనామా చేయాలన్నారు. ముఖ్యమంత్రి పట్టం థానుపిళ్ళై దిగలేదు. గొడవ ముదిరి ముదిరి 1955లో లోహియా బయటికి వచ్చారు. ఆ ఏడాది చివర్లో కొత్త సోషలిస్టు పార్టీ పుట్టింది హైదరాబాదులోనే.

ఇక్కడ ఆయనకు అండగా నిలిచిన మనిషి బద్రీవిశాల్ పిత్తి. పేరున్న మార్వాడీ కుటుంబం, డబ్బుకు లోటు లేదు, మనసంతా సాహిత్యం మీద. 1949 నుంచి ‘కల్పన’ అనే హిందీ సాహిత్య పత్రిక నడుపుతున్నారు. తర్వాత్తర్వాత ఎం.ఎఫ్. హుసేన్ రామాయణ చిత్రాలు వేయడానికి ప్రేరణ లోహియాది, ఇల్లూ ఆదరణా పిత్తివి. నెహ్రూని రోజూ తిట్టే పార్టీకి పత్రిక పెట్టుకోవడానికి చోటు దొరికిందంటే ఇలాంటి మనిషి ఉండబట్టే.

ఇక్కడో తమాషా ఉంది. ఇంగ్లీషు పోవాలని గొంతు చించుకున్న లోహియా నడిపిన పత్రిక ఇంగ్లీషులో ఉంది. బయటి దేశాల సోషలిస్టులతోనూ మాట్లాడాలన్నది ఉద్దేశం అనుకోండి. కానీ దానివల్ల, తెలుగువాళ్ల నడుమ పుట్టినా అది తెలుగువాళ్ల పత్రిక కాలేదు. కృష్ణా పత్రికనో, భారతినో దాచుకున్నట్టు దీన్ని ఇంట్లో దాచుకున్నవాళ్లు తక్కువ. పైగా సోషలిస్టు పార్టీ ఎన్నిసార్లు చీలిందో, ఎన్నిసార్లు అతుక్కుందో లెక్కపెట్టడం కష్టం. ఆఫీసు మారినప్పుడల్లా బీరువాలూ మారతాయి. బీరువాలు మారినప్పుడల్లా నాలుగు కట్టలు తగ్గుతాయి.

చట్టం ప్రకారమైతే ఇన్ని తిప్పలు ఉండకూడదు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టాన్ని 1956లో సవరించి పత్రికలనూ చేర్చారు. అచ్చయిన ప్రతి సంచిక కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరాకు, ఇంకా ప్రభుత్వం చెప్పిన లైబ్రరీలకు వెళ్లాలి. చిన్న పత్రికలవాళ్లు ప్రతి నెలా పోస్టు ఖర్చు పెట్టుకుని పంపేవాళ్లా, పంపినవి అక్కడ అరల్లోకి చేరేవా అన్నది వేరే సంగతి.

చేరినవైనా భద్రమేమీ కాదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, అక్కడ భద్రపరచిన అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. ఒక్క వాన చాలింది. ఆ తర్వాత కొద్ది కాలానికే మన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి గారి మిలియన్ బుక్స్ (పది లక్షల పుస్తకాల స్కానింగ్) ఆలోచనతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికొక పెద్ద కేంద్రం. లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. వాడినవాళ్లకు తెలుసు దాని బాధలు: పేరు తప్పు, ఏడాది తప్పు, మధ్యలో పేజీలు మాయం. చివరికి ఆ సైటే మూతపడింది. ఎవరో ముందుచూపున్నవాళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి చాలా పుస్తకాలు బతికాయి. పత్రికల విషయంలో తప్పు పేరు ఇంకా పెద్ద దెబ్బ. ‘మ్యాన్‌కైండ్’ అని మాత్రమే రాసి నెల, సంపుటి వేయకపోతే ఆ ఫైలు ఉన్నా లేనట్టే.

కాపీరైటు మాట. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. లోహియా 1967 అక్టోబరు 12న పోయారు, కాబట్టి ఆయన రాతల గడువు 2027 డిసెంబరు 31. సంతకం లేని రాతలకైతే అచ్చయిన ఏడాది నుంచే లెక్క, మొదటి సంవత్సరం సంచికల్లో అలాంటివి ఎప్పుడో విడుదలైపోయాయి. చిక్కంతా మిగతా రచయితలతో: ఎవరు ఎప్పుడు పోయారు, వారసులెవరు? అయితే 2012 సవరణ తర్వాత, తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న లైబ్రరీ లాభాపేక్ష లేకుండా డిజిటల్ ప్రతి చేసి భద్రపరచుకోవచ్చు. అంటే నెట్‌లో పెట్టడానికి ఆగాలేమో గానీ, స్కాన్ చేయడానికి ఆగక్కర్లేదు. సోషలిస్టుల దగ్గర ఆస్తి గొడవేమిటని నవ్వకండి. 2014లో లండన్‌లోని ఒక వామపక్ష ప్రచురణ సంస్థ, మార్క్స్, ఎంగెల్స్‌ల సంకలిత రచనలను మార్క్సిస్టుల ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి తీయించింది.

ఇక స్కానర్ మీద పెట్టినప్పటి సంగతి. ఆ కాలపు చవక కాగితం గోధుమరంగుకు తిరిగి, మూల పట్టుకుంటే మూలే చేతికొస్తుంది. పిన్ను తుప్పు నడిమి పేజీల్లోకి దిగి ఉంటుంది. వదులు సంచికలైతే ఇంకా నయం, విప్పి ఒక్కో పేజీ తీయొచ్చు. లైబ్రరీ బైండు చేసిన సంపుటాలతోనే తంటా: కుట్టు బిగువుకు లోపలి అంచున ప్రతి వరుసలో రెండు మూడు అక్షరాలు మలుపులోకి పోతాయి, స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ అక్కడ తోచింది రాస్తుంది. దానికంటే పెద్ద నష్టం బైండింగ్ షాపులోనే జరిగిపోయి ఉంటుంది. సంపుటం లావు తగ్గాలని అట్టలు, ప్రకటనల పేజీలు చింపి పారేయడం అక్కడ మామూలు. ముద్రించిన ప్రెస్సు పేరు, వెల, చందా వివరం చాలా పత్రికల్లో ఉండేది ఆ అట్టల లోపలి వైపే.

కాబట్టి మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఒక విడి సంచిక దొరికితే, అట్ట ఊడిపోయినా సరే, దాన్ని బైండింగుకు మాత్రం ఇవ్వకండి.