పాత బిట్‌కాయిన్ వాలెట్లు: 'ఇన్‌వాలిడ్' అని వస్తే పదాలు తప్పని కాదు

2012లోనో 2013లోనో రాసి దాచిన కాగితం బీరువాలో దొరుకుతుంది. దాని మీద 12 ఇంగ్లిష్ పదాలు, అంటే బిట్‌కాయిన్ వాలెట్‌ని తిరిగి తెరిచే రహస్య పదాలు (సీడ్). ఇప్పటి ఫోన్ యాప్‌లో టైపు చేస్తే 'ఇన్‌వాలిడ్' అంటుంది, లేదా వాలెట్ తెరుచుకుని సున్నా చూపిస్తుంది. గుండె జారిపోతుంది. ఆ కంగారులోనే టెలిగ్రామ్‌లో ఒక 'రికవరీ ఎక్స్‌పర్ట్' తగులుతాడు, పదాలు అతని చేతిలో పడతాయి. అంతవరకూ పోని డబ్బు అప్పుడు పోతుంది.

అపోహ: 12 పదాలు ఏ వాలెట్‌లో వేసినా ఒకటే.

ఒకటి కాదు, ఎప్పుడూ కాలేదు. థామస్ వోట్లిన్ ఎలక్ట్రమ్ అనే వాలెట్ ప్రోగ్రాం తెచ్చింది 2011 నవంబరులో. పదాల నుంచి వాలెట్ పుట్టించడానికి ఇప్పటి యాప్‌లు వాడే ఉమ్మడి నియమం, బిప్39 ప్రతిపాదన, వచ్చింది 2013లో. ముందు పుట్టినది తరవాత వచ్చిన నియమాన్ని ఎలా పాటిస్తుంది? తొలి ఎలక్ట్రమ్ పదాల జాబితాలో 1626 పదాలుంటే బిప్39లో 2048. డబ్బు ఖర్చుపెట్టనిచ్చే తాళంచెవిని (ప్రైవేట్ కీ) పుట్టించే లెక్క కూడా వేరు: తొలి ఎలక్ట్రమ్ ఆ పదాల నుంచి వచ్చిన 128 బిట్ల సంఖ్యను షా-256 అనే హ్యాష్ లెక్కలో లక్ష సార్లు తిప్పుతుంది. బిప్39 యాప్‌కి ఈ సంగతి తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

2015లో వచ్చిన ఎలక్ట్రమ్ 2.0తో చిక్కు ఇంకా ముదిరింది. పదాల జాబితా బిప్39దే తీసుకున్నారు, పదాలు సరిగ్గా ఉన్నాయో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ మాత్రం వద్దనుకుని సొంత వెర్షన్ గుర్తు పెట్టుకున్నారు. అందుకే ప్రతి పదమూ జాబితాలో దొరుకుతుంది, అయినా సీడ్ చెల్లదంటుంది. ఇంతకంటే మోసకారి సంగతి ఇంకోటుంది. బిప్39లో 12 పదాలకి చెక్‌సమ్ 4 బిట్లే. అంటే ఆ కాలపు 12 పదాల ఎలక్ట్రమ్ సీడ్‌లలో సుమారు 16లో ఒకటి కాకతాళీయంగా పాసైపోతుంది. అప్పుడు తప్పు అని కూడా రాదు. మీది కాని ఖాళీ వాలెట్ ఒకటి నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది. కాగితం మీద 13 పదాలున్నాయా? ఒకటి ఎక్కువ రాసేశామని కొట్టేయకండి, 2.0 తొలిరోజుల్లో ఇచ్చింది పదమూడే.

చేయాల్సిన పని ఇదీ. ముందుగా పాత అడ్రస్ ఏదైనా మెయిల్లోనో నోట్సులోనో ఉంటే (ఆ రోజుల్లోవి దాదాపు అన్నీ 1తో మొదలవుతాయి) ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలన్నీ అందరికీ చూపించే సైటు) బ్యాలెన్స్ చూడండి. అడ్రస్ చూపించినంత మాత్రాన ఏమీ పోదు. డబ్బు ఉందని తేలితే ఎలక్ట్రమ్ డాట్ ఆర్గ్ నుంచి డెస్క్‌టాప్ వెర్షన్ దించుకుని, ఫైలు అసలైనదేనని తేల్చే డిజిటల్ సంతకం సరిచూసి, నెట్ తీసేసిన కంప్యూటర్లో పెట్టండి. స్టాండర్డ్ వాలెట్, తరవాత 'ఐ ఆల్రెడీ హ్యావ్ ఎ సీడ్'. పదాలు సరిగ్గా పడితే అదెలాంటి సీడో అదే గుర్తుపడుతుంది, పాతదీ కొత్తదీ రెండూ. గుర్తుపట్టకపోతే అప్పుడు ఆప్షన్స్‌లో బిప్39 టిక్ పెట్టి చూడండి. పదాలు చెల్లినా మీ పాత అడ్రస్ అందులో కనిపించకపోతే (నెట్ లేదు కాబట్టి బ్యాలెన్స్ ఎలాగూ చూపించదు) డెరివేషన్ పాత్, అంటే సీడ్ నుంచి అడ్రస్‌లు పుట్టించే దారి, అనుమానించాలి: మల్టీబిట్ హెచ్‌డీ అనే పాత వాలెట్ పదాలు బిప్39వే గానీ, ఖాతా దారి 44తో కాకుండా సూటిగా 0తో మొదలవుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లో ఎలక్ట్రమ్ ఇంకా ఉంటే దాంతో మాత్రం డబ్బు పంపకండి. 2018 డిసెంబరులో దొంగ సర్వర్లు ఎర్రర్ మెసేజ్ రూపంలో నకిలీ అప్‌డేట్ లింకు చూపించి చాలామందిని ముంచింది అలాంటి పాత వెర్షన్లలోనే.

అపోహ: బ్లాక్‌చెయిన్ డాట్ ఇన్ఫో పాత పదాలు కూడా సీడే.

తొలినాళ్లలో ఆ ఆన్‌లైన్ వాలెట్ సైటు ఇచ్చిన పదాలు పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తుచేయడానికి. వాటిలో తాళంచెవి లేదు. కావలసినవి వాలెట్ ఐడీ, పాస్‌వర్డ్. ఐడీ అంటే మధ్యలో గీతలతో 36 అక్షరాల పొడుగు, పాత మెయిళ్లలో వెతకండి. తాళాలు బ్రౌజర్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే ఫైలు సర్వర్‌కి వెళ్లేది, కాబట్టి పాస్‌వర్డ్ లేకపోతే సైటువాళ్లు కూడా తెరవలేరు.

అపోహ: ఆన్‌లైన్ వాలెట్లన్నీ ఒకటే బాపతు.

పైది ఒక రకం. మైబిట్‌కాయిన్, ఇన్‌స్టావాలెట్ ఇంకో రకం, తాళాలు పూర్తిగా వాళ్ల దగ్గరే. మైబిట్‌కాయిన్ 2011లో కూలిపోయింది, ఇన్‌స్టావాలెట్ 2013 ఏప్రిల్‌లో హ్యాక్ అయి మూతపడింది. దాంట్లో పాస్‌వర్డే ఉండేది కాదు, లింకే తాళం. ఆ లింకు ఈరోజు హిస్టరీలో దొరికినా దాని వెనక ఏమీ లేదు. దాన్ని తెరిపిస్తానని ఎవడైనా ఫీజు అడిగితే ఫోన్ పెట్టేయండి.

అపోహ: తేలికపాటి వాలెట్ (బ్లాక్‌చెయిన్ మొత్తం దించుకోని ఎలక్ట్రమ్ లాంటిది) అంటే డబ్బు ఎవరి సర్వర్లోనో ఉన్నట్టే.

2008 నాటి బిట్‌కాయిన్ పత్రంలోనే ఈ పద్ధతి ఉంది. బ్లాకు మొత్తం కాకుండా ఒక్కో బ్లాకు తలకట్టు, 80 బైట్ల హెడర్లు మాత్రం దాచుకుంటే ఏడాదికి 4.2 మెగాబైట్లే. సర్వర్ మీ అడ్రస్‌లు తెలుసుకోగలదు, లావాదేవీని చూపించకుండా దాచగలదు. మీ డబ్బు ఖర్చు పెట్టడం మాత్రం దానివల్ల కాదు, తాళాలు మీ దగ్గరే ఉంటాయి.

మల్టీబిట్ క్లాసిక్ అనే ఇంకో పాత వాలెట్ వాడినవారికి పదాలు లేనే లేవు, వెతికి అలిసిపోకండి. డాట్ వాలెట్ ఫైలో, డాట్ కీ ఫైలో ఉండాలి. ముందు నకళ్లు తీసి నకలు మీదే పనిచేయండి. పాస్‌వర్డ్ పెట్టిన కీ ఫైలుని ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఏఈఎస్-256-సీబీసీ అనే పద్ధతి పేరు చెప్పి విప్పొచ్చు. అయితే 1.1.0 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ నుంచి తాళం తయారుచేయడానికి అది మామూలుగా వాడే లెక్క (డైజెస్ట్) ఎండీ5 నుంచి షా-256కి మారింది. ఎండీ5 అని విడిగా చెప్పకపోతే సరైన పాస్‌వర్డ్‌కి కూడా 'బ్యాడ్ డీక్రిప్ట్' అంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయామని ఏడ్చేవాళ్లలో కొందరు నిజంగా మరిచిపోలేదు.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకోటి. బిప్39కి తెలుగు పదాల జాబితా లేదు. ఇంగ్లిష్ పదాలనే కొందరు తెలుగు లిపిలో రాసి పెట్టుకున్నారు. 'రైట్' అంటే కుడివైపా రాయడమా తెలియదు. ఇంగ్లిష్ బిప్39లో మొదటి నాలుగు అక్షరాలతోనే పదం తేలిపోతుంది, కాబట్టి అనుమానమున్న ప్రతి పదానికీ జాబితాలో ఆ శబ్దానికి దగ్గరగా ఉన్నవన్నీ పక్కన రాసుకుని, ఒక్కొక్కటీ మార్చి, అదే నెట్ లేని కంప్యూటర్లో ప్రయత్నించండి.