టవర్ మీద రెండు యాగీలు: అపోహలు - వాస్తవాలు

కొత్తగా హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో మా మేడ మీదికి వస్తే, ఒకదాని మీద ఒకటి కట్టిన టూ మీటర్ (145 మెగాహెర్ట్జ్ దరిదాపు) యాగీలను, అంటే ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నాలను చూసి ముందు అడిగేది ఇదే: "రెండున్నాయంటే రెట్టింపు దూరం పోతుందా అండీ?"

పోదు. అన్నీ కుదిరితే పెరిగేది మహా అయితే 3 డెసిబెళ్లు, అంటే పవర్ రెట్టింపైనట్టు; అవతలివాళ్ల రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటర్లో అర ఎస్ యూనిట్ (అర గీత). వినపడీ వినపడని స్టేషన్ దగ్గర ఆ అరే ప్రాణం, కాదనను. కానీ రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే 30 మీటర్ల ఆర్‌జీ-58 (సన్నరకం) కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 6 డెసిబెళ్లు మింగేస్తుంది. రిగ్ (రేడియో సెట్) ఇచ్చిన పవర్లో పైకి చేరేది పావు వంతు. రెండో యాగీ డబ్బులు ముందు మంచి కేబుల్‌కి పెట్టండి.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత; 1 అయితే ఏమీ రానట్టు) తక్కువుంటే యాంటెన్నా బాగున్నట్టే.

వాస్తవం: అదే కేబుల్ పైకొసన యాంటెన్నా విప్పేసి కింద కొలవండి, 1.7 దరిదాపుల్లో చూపిస్తుంది. యాంటెన్నాయే లేదు, మీటర్ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది! కేబుల్లో వేడైపోయిన పవర్ వెనక్కి రాదు కదా.

మేమూ ఈ మీటర్‌నే నమ్మి మోసపోయాం. మొదటిసారి జంట కట్టినప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. తీరా చూస్తే, ఒక్క యాగీతో శుభ్రంగా వినపడే స్నేహితుడు గురగురలో కలిసిపోయాడు. రెండు రోజులు కనెక్టర్లన్నీ విప్పి బిగించాం. చివరికి కింద నిలబడ్డ మా తమ్ముడు, "అన్నయ్యా, పైదాని గామా మ్యాచ్ ఎడమకుంది, కిందది కుడికుంది" అని అరిచాడు. గామా మ్యాచ్ అంటే కేబుల్‌ను యాగీకి కలిపే కడ్డీ. ఒకటి బోర్లా బిగించాం. రెండింటి సిగ్నల్ ఎదురెదురు ఫేజుల్లో (ఒకటి పైకి ఊగితే ఒకటి కిందికి) వెళ్లి, సరిగ్గా ముందువైపే ఒకదాన్నొకటి చంపుకుంటోంది.

రెండింటినీ కలిపే 75 ఓమ్‌ల కేబుల్ ముక్కలూ సమానంగా ఉండాలి, పొడవు పావు తరంగం గానీ దానికి బేసి రెట్లు గానీ ఉండాలి. గట్టి పాలిథీన్ కేబుల్లో పావు తరంగం 34 సెంటీమీటర్లు. అంత పొట్టిది అందదు కాబట్టి ఐదు రెట్లు, 171 కోస్తాం. మూడు రెట్లు, ఐదు రెట్లు సరే. రెండు, నాలుగు పనికిరావు.

అపోహ: ఎంత ఎడంగా కడితే అంత మంచిది.

వాస్తవం: ఒక్కో యాగీ నిలువు బీమ్ (సిగ్నల్ పైకీ కిందికీ పరుచుకునే వెడల్పు) 40 డిగ్రీలుంటే, రెండింటి మధ్య 3 మీటర్లు చాలు. ఇంకా జరిపితే పైకీ కిందికీ వృథా లోబ్‌లు (పక్కదారి పట్టే సిగ్నల్ పాయలు) లేస్తాయి.

గాలి సంగతి: టవర్ డిజైన్ లెక్కల్లో గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది, దాదాపు 30 శాతం ఎక్కువ. ఇక్కడి టవర్ కొలతలు అక్కడ వాడకండి.

హెచ్‌ఎఫ్ (దూరదేశాలకు వెళ్లే షార్ట్‌వేవ్) యాగీ కొన్నవాళ్లది ఇంకో అపోహ, అమెరికా అంటే పడమరకు తిప్పడం. ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు కొలిస్తే, హైదరాబాద్ నుంచి న్యూయార్క్ 337 డిగ్రీలు, కాలిఫోర్నియా 19. రెండూ ఇంచుమించు ఉత్తరమే. మావాడుండేది కాలిఫోర్నియాలో. సరిగ్గా ఆ దిక్కునే పక్కింటివాళ్లు మొన్న రెండంతస్తులు లేపారు.