యూనిఫామ్ పోయినా మిగిలిన అలవాటు

ఏటా వసంతంలో ఒక శనివారం టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ విద్యార్థులు వేల మంది పొద్దున్నే ఊరిమీద పడతారు. ఒకరి ఇంటి ముందు ఆకులు ఊడుస్తారు, ఇంకొకరి కంచెకు రంగేస్తారు. డబ్బు తీసుకోరు. ఆ ఇంటివాళ్లు ఉన్నవాళ్లా, లేనివాళ్లా అని కూడా చూడరు. 1982లో మొదలైన ఈ పని పేరు బిగ్ ఈవెంట్. పేరు వింటే ఏదో సంగీత కచేరీ అనుకుంటాం.

ఈ అలవాటు వెనక సైన్యం ఉంది. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కాలేజీల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములిచ్చింది. వ్యవసాయం, ఇంజనీరింగ్‌తో పాటు సైనిక విద్య కూడా నేర్పాలన్నది షరతు. అలా 1876లో కాలేజీగా తెరుచుకున్న ఈ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు చదువంటే సైనిక యూనిఫామే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడివాళ్లు 20,000 మందికి పైగా పనిచేశారు. వాళ్లలో దాదాపు 14,000 మంది ఆఫీసర్లే.

విచిత్రమేమిటంటే, ఆ యూనిఫామ్‌ను ఐచ్ఛికం చేసింది కూడా సైనికుడే. జేమ్స్ ఎర్ల్ రడ్డర్ ఇక్కడి పాత విద్యార్థి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, పైనుంచి తూటాలు కురుస్తుంటే తాళ్లు పట్టుకుని పాయింట్ దు హాక్ కొండ ఎక్కిన అమెరికా సైనిక దళం రేంజర్లకు నాయకుడు. 1959లో కాలేజీ అధ్యక్షుడయ్యాక ఆయన ఆడపిల్లలకు తలుపులు తెరిచాడు. 1965లో క్యాడెట్ శిక్షణ, అంటే విద్యార్థుల సైనిక శిక్షణ, తప్పనిసరి కాకుండా పోయింది. పాత విద్యార్థులు చాలామంది మండిపడ్డారు. వాళ్ల బాధలో అర్థం లేకపోలేదు గానీ, ఆ నిర్ణయమే లేకపోతే ఇది ఇంత పెద్ద యూనివర్సిటీ అయ్యేది కాదని నాకనిపిస్తుంది. ఇప్పుడు 70,000 మందికి పైగా చదువుతుంటే, క్యాడెట్లు రెండు వేల పైచిలుకే.

అయినా శిబిరం పద్ధతులు పోలేదు. ఏటా ఏప్రిల్ 21న మస్టర్ అనే సంస్మరణ సభ జరుగుతుంది. ఆ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లు హాజరు పిలిచినట్టే పిలుస్తారు. పోయినవాళ్ల తరఫున ఎవరో ఒకరు 'హియర్' అంటారు. 1942లో, శత్రువు ముట్టడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడార్ దీవిలో కూడా ఇక్కడి పాత విద్యార్థులు ఈ రోజును మరిచిపోలేదు.

తోటివాడి బదులు పలకడం నేర్చినవాళ్లకు పక్కింటి ఆకులు ఊడవడం కొత్తేమీ కాదు. పైగా ఇక్కడ ఊరికంటే కాలేజీయే ముందు వచ్చింది. ఖాళీ మైదానంలో రైలు ఆగే చోటుకు పెట్టిన పేరే కాలేజ్ స్టేషన్. ఊరికీ అదే మిగిలింది.