అరుంధతిని దాచేస్తున్న దీపాలు: కాంతి కాలుష్యంపై అపోహలు – వాస్తవాలు

చెన్నైలో జరిగే మన తెలుగు పెళ్లిళ్లలో పురోహితుడు వధూవరులను కల్యాణ మండపం బయటికి తీసుకువచ్చి అరుంధతిని చూపించే ఘట్టం వచ్చిన ప్రతిసారీ, ఇరవై ఏళ్లుగా ఆరుబయట దీపాల ఏర్పాటు చేస్తున్న ఇంజనీరుగా నాకు మనసు చివుక్కుమంటుంది. చీకటి ఆకాశంలో మామూలు కంటికి సుమారు 6వ తరగతి ప్రకాశం గల తారల వరకు కనిపిస్తాయి (తరగతి అంకె పెరిగేకొద్దీ తార మసకగా ఉంటుంది). సప్తర్షి మండలంలో వసిష్ఠుని పక్కనుండే అరుంధతి 4వ తరగతి తార కనుక పల్లెలో ఆమెను గుర్తించడం కష్టం కాదు. నగరంలో మాత్రం ఆకాశమే వెలుగుతూ ఉండటంతో, చాలామంది దంపతులు కనిపించని తారకు నమస్కరించి లోపలికి వెళుతున్నారు. ఆ వెలుగులో నా వృత్తికీ భాగముంది కాబట్టి, ఇలా ఆకాశాన్ని కప్పేసే కాంతి కాలుష్యం గురించి పనిలో నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువైతే అంత భద్రత.

వాస్తవం: కంటికి కావలసింది వెలుగు, నీడల మధ్య సరైన తేడా. గేటు మీద బిగించిన ఫ్లడ్‌లైట్ నేరుగా ముఖం మీద పడితే కనుపాప కుంచించుకుపోతుంది. కంటిలోపల చెదిరిన కాంతి పలుచని తెరలా పరుచుకుంటుంది. శుక్లాలు మొదలైన పెద్దవారికి ఈ బాధ మరింత ఎక్కువ. ఫలితంగా దీపం వెనుక నీడలో నిలబడ్డ మనిషి కనిపించడు. ఈ రాత్రే మీ వీధిలో అలాంటి దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడండి, అంతవరకూ కనిపించనివి కనిపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల పరిధిలో వీధి దీపాలను తగ్గించిన చోట్ల నేరాలు, ప్రమాదాలు పెరిగిన ఆధారాలు దొరకలేదని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. అందుకని దీపాలే వద్దని నేను అనడం లేదు. నేల మీద పడవలసిన వెలుగు కళ్లలో పడకూడదనే నా వాదన.

అపోహ: ఎల్ఈడీలు కరెంటు ఆదా చేస్తాయి, కనుక వాటితో కాలుష్యం ఉండదు.

వాస్తవం: కరెంటు ఆదా నిజమే. అయితే ఖర్చు తగ్గిందని మనం ఒక దీపం చాలే చోట మూడు పెడుతున్నాం. పైగా 6500 కెల్విన్ (కాంతి రంగును తెలిపే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలి ఛాయ పెరుగుతుంది) తెల్లటి ఎల్ఈడీలో నీలి కాంతి పాలు ఎక్కువ. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ గాలిలోని అణువులు కాంతిని చాలా ఎక్కువగా చెదరగొడతాయి. పాత సోడియం దీపాల పసుపు కాంతితో పోలిస్తే ఈ నీలి కాంతి సుమారు మూడు రెట్లు ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. రాత్రి వెలుగులను కొలిచే ప్రధాన ఉపగ్రహ పరికరం ఈ నీలి కాంతిని గుర్తించలేదు కనుక దాని లెక్కల్లో ఈ పెరుగుదల పూర్తిగా కనబడదు. 2011–2022 మధ్య సామాన్య ప్రజలు కంటితో చూసి నమోదు చేసిన 50,000కు పైగా పరిశీలనలను (వీటిలో అధిక భాగం ఐరోపా, ఉత్తర అమెరికాలవి) విశ్లేషించినప్పుడు ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. ఆ లెక్కన ఎనిమిదేళ్లలోపే అది రెట్టింపవుతుంది.

అపోహ: ఇది ఖగోళ శాస్త్రజ్ఞుల సమస్య మాత్రమే.

వాస్తవం: దీనికి జవాబు చెన్నై తీరంలోని బీసెంట్ నగర్, నీలాంకరై ఇసుకలోనే ఉంది. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 55 రోజుల తర్వాత, ఎక్కువగా రాత్రివేళ బయటికి వచ్చే పిల్లలు దిగంతంలో ఎటువైపు వెలుగుగా ఉంటే అటే పాకుతాయి. తరతరాలుగా ఆ వెలుగు చుక్కలు, చంద్రుడి కాంతి మెరిసే సముద్రానిదే. ఇప్పుడు అది రోడ్డు దీపాలది. దారి తప్పిన పిల్లలు కుక్కలకు, వాహనాలకు, ఉదయపు ఎండకు బలవుతాయి. 1988 నుంచి విద్యార్థి స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రంతా ఈ తీరం వెంట నడిచి గుడ్లను సంరక్షణ కేంద్రానికి చేర్చి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. ఒక రాత్రి వారి వెంట నడిచాక, తీరం వైపు నేను గీసిన ప్రతి నక్షాను మళ్లీ తీసి చూసుకున్నాను.

మెరుపులతోనే జతను పిలుచుకునే మిణుగురులదీ ఇదే కష్టం. మన కంటిలోనూ నీలి కాంతికి, ముఖ్యంగా 480 నానోమీటర్ల పరిసరాల్లోని కాంతికి స్పందించి నిద్రకు సాయపడే మెలటోనిన్ స్రావాన్ని తగ్గించే కణాలున్నాయి.

అపోహ: మందపాటి కర్టెన్ వేసుకుంటే చాలు.

వాస్తవం: మన పడకగదికి చాలవచ్చు. చెట్టు మీది పిట్టకు కర్టెన్ లేదు.

అపోహ: సరిచేయాలంటే చాలా ఖర్చవుతుంది.

వాస్తవం: చాలా అపార్ట్‌మెంట్లలో మొదటి మరమ్మతుకు ఒక స్పానర్, ఒక నిచ్చెన సరిపోతాయి. ఫ్లడ్‌లైట్ ముఖాన్ని పూర్తిగా నేలవైపు వంచండి. బల్బు మార్చే సమయం వచ్చినప్పుడు పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్నదే తీసుకోండి. అలంకరణ దీపాలను టైమరుతో రాత్రి పది గంటలకు ఆర్పేయండి. మీ భవనం సముద్రానికి ఎదురుగా ఉంటే, జనవరి నుంచి మే వరకు ఆ వైపు బాల్కనీ, మేడమీది దీపాలను చీకటి పడిన దగ్గర నుంచే ఆపి ఉంచమని అసోసియేషన్ సమావేశంలో అడగండి.