నొప్పి లేనప్పుడే మాత్ర ఎందుకు?

మోకాలి కీలు మార్చిన రోజు సాయంత్రం అమ్మ హాయిగా కూర్చుని కబుర్లు చెప్పింది. తొడ దగ్గర నరానికి మత్తు ఇచ్చారు కదా, నొప్పే తెలియలేదు. నర్సు ఇచ్చిన పారాసిటమాల్ బిళ్ల దిండు కింద దాచేసింది. "నొప్పే లేనిదానికి మాత్ర దేనికిరా? కిడ్నీలు పాడవుతాయి" అంది. రాత్రి రెండింటికి మత్తు దిగింది. కట్టుకి బెత్తెడు అవతల, కోతే లేని చోట దుప్పటి అంచు తగిలినా ఏడ్చేసింది.

గాయం లేని చోట నొప్పేమిటి? దీనికి జవాబు వెన్నుపాములో ఉంది. అక్కడి నరకణాల మీద ఎన్ఎండీఏ గ్రాహకాలని, సంకేతాలు అందుకునే ద్వారాలు ఉంటాయి. ఒక్కో దాని రంధ్రంలో మెగ్నీషియం అయాన్ బిరడాలా కూర్చుని ఉంటుంది. చిన్న దెబ్బకి అది కదలదు. గాయం నుంచి సంకేతాలు ఎడతెరిపి లేకుండా వచ్చిపడితే మాత్రం కణపొర వోల్టేజి మారి బిరడా ఊడుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఎంజైములు మేల్కొని ఇతర గ్రాహకాలకు ఫాస్ఫేట్లు తగిలించి వాటిని మరింత సున్నితం చేస్తాయి, కొత్తవాటిని పైకి తెస్తాయి. ఇక వట్టి స్పర్శ కూడా నొప్పే. 1983లో నాడీ శాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల్లో ఇదే చూశాడు: గాయమైన పాదాన్ని తర్వాత మొద్దుబార్చినా వెన్నుపాము ఉద్రేకం తగ్గలేదు.

అందుకే మత్తు దిగేలోపే మాత్ర రక్తంలో ఉండాలి. ఐబుప్రోఫెన్ గాయం దగ్గర నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తగ్గిస్తుంది, నరానికిచ్చే మత్తు దారిలో సంకేతాన్ని నడిపించే సోడియం ద్వారాలను మూస్తుంది, కొద్ది మోతాదు కెటమిన్ అనే మత్తుమందు అయితే బిరడా ఊడిన ఆ రంధ్రంలోకే దూరి అడ్డుపడుతుంది! ఇలా తలో చోటా తలో మందు వాడాలని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1993 నుంచి చెబుతున్నాడు. మార్ఫిన్ జాతి మందులు ఒక్కోసారి తప్పవు. కానీ వాంతులు, మలబద్ధకం, శ్వాస మందగించడం వాటి వెంటే వస్తాయి. మోతాదు పెరిగితే అవే నొప్పిని పెంచడమూ ఉంది.

అమ్మ భయం ఉత్తది కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఐబుప్రోఫెన్‌కి దూరంగా ఉండాలి. పారాసిటమాల్‌తో జాగ్రత్త లివర్ గురించి: పెద్దవాళ్లకు రోజుకి 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువున్నా లివర్ జబ్బున్నా ఇంకా తగ్గించాలి. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. గాయం మానడానికి కావలసిందే ఆ ప్రోటీను.

డాక్టరు రాసిన ప్రకారం ఆరు గంటలకోసారి ఫోన్‌లో అలారం పెట్టాం. మూడో రోజు ఫిజియోథెరపిస్టు మోకాలు వంచబోతుంటే అమ్మే ఆపింది. "ఉండు బాబూ, ఇప్పుడే మాత్ర వేసుకున్నా. ఓ అరగంట కానివ్వు."