తాతగారి సత్రం, మనవళ్ళ తగువు: నేను రోజూ వినే అపోహలు, రికార్డుల్లో ఉండే వాస్తవాలు

పాత రికార్డులు వెతికిపెట్టడం నా పని. కొందరిని లాయర్లు పంపిస్తారు, కొందరు ఇంట్లో గొడవ ముదిరాక నేరుగా వచ్చేస్తారు. అందులో సత్రం కేసులంటే నాకు కాస్త ఇష్టం ఎక్కువ. కథ దాదాపు ఒకటే అయినా కాగితాలు ఏ రెండు కుటుంబాలకీ ఒకలా ఉండవు. ముత్తాతో, ఆయన తండ్రో దారి పక్కన సత్రం కట్టించి బాటసారులకి అన్నం పెట్టాడు. ఇప్పుడు సత్రం లేదు, ఉన్నా మొండిగోడలే, కానీ దాని పేరున పదో పాతికో ఎకరాలున్నాయి, ఆ ఎకరాల పక్కనుంచి బైపాస్ పడింది, దాంతో నాలుగు ఊళ్ళలో ఉన్న నాలుగు శాఖల వారసులకీ ఒక్కసారిగా ముత్తాత గుర్తొచ్చాడు. వాళ్ళ నోట వినే మాటలే ఇవి. నేను చెప్పేది ఎక్కువగా కోస్తా, సీమ జిల్లాల సంగతి, అంటే పాత మద్రాసు ప్రెసిడెన్సీ.

అపోహ: "మా ముత్తాత సొంత డబ్బుతో కట్టించాడు, కాబట్టి సత్రమూ భూమీ మావే."

వాస్తవం: ఎవరు కట్టించారన్నది కాదు, కట్టించాక ఏమని రాసిపెట్టారన్నది చూడాలి. వీలునామాలోనో దానపత్రంలోనో "ఈ భూముల ఫలసాయం యావత్తూ సత్రంలో అన్నదానానికే వినియోగించవలెను, నా సంతతివారు పర్యవేక్షణ చేయుటకే గాని దాన విక్రయాదులకు హక్కుదారులు కారు" అన్న ధోరణిలో ఉంటే ఆస్తి పూర్తిగా ధర్మానికి పోయినట్టే. వారసులకి మిగిలింది ధర్మకర్తగా నడిపే బాధ్యత. అలా కాకుండా "ఏటా ఇంత ధాన్యం సత్రానికి ఇచ్చి, మిగిలినది నా సంతతివారు అనుభవించవలెను" అని ఉంటే భూమి కుటుంబానిదే, సత్రం ఖర్చు దాని మీద ఒక భారం మాత్రమే. ధర్మాదాయాల తగువుల్లో కోర్టులు ఎప్పటినుంచో చూస్తున్న తేడా ఇదే. ఒక్క వాక్యం మీద మొత్తం తిరిగిపోతుంది. ఆ వాక్యం చదవకుండానే రెండు తరాలుగా దావా నడుపుతున్నవాళ్ళని చూశాను, చదివితే ఎక్కడ నష్టం వస్తుందోనన్న భయం కూడా కొందరికి ఉంటుంది లెండి.

పత్రం దొరకనప్పుడు నడవడిక చూస్తారు. శిస్తు ఎవరి పేరున కట్టారు, సత్రం జమాఖర్చులు విడిగా రాశారా, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆ భూమిని ఏం చేశారు. పాత పంపకాల దస్తావేజులో "సత్రం భూమి మినహా" అని కనిపించిందంటే ఆ మూడు మాటలూ మీ కేసు దారి మార్చేస్తాయి.

అపోహ: "రాజుగారిచ్చిన ఇనాం అండి. సన్నదు చెదలు తినేసింది, ఇంక రుజువెక్కడిది?"

వాస్తవం: సన్నదు, అంటే రాజుగారు భూమి ఇస్తూ రాసిన కాగితం, పోయినా, దాన్ని చూసి రాసుకున్నవాళ్ళ రిజిస్టరు ఉంటుంది. శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన ఈ ఇనాం భూముల మీద 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఏ ఊళ్ళో ఏ ఇనాం ఉంది, ఎవరిచ్చారు, దేనికిచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు ఆయనకి ఏమవుతాడు అని విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో ఎక్కించారు. ఆ చివరి ప్రశ్న మాలాంటివాళ్ళకి బంగారం, ఒకే వరుసలో రెండు మూడు తరాల పేర్లు దొరుకుతాయి. ఖాయం చేసిన ఇనాంకి టైటిల్ డీడ్ ఇచ్చారు, ఆ టి.డి. నంబరు తర్వాత వచ్చిన రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్లో (ఆర్‌ఎస్‌ఆర్ అంటాం) కూడా ఉంటుంది. కాబట్టి ఇవాళ్టి సర్వే నంబరుతో మొదలుపెట్టి ఆర్‌ఎస్‌ఆర్‌కి, అక్కడి టి.డి. నంబరుతో ఇనాం రిజిస్టరుకి వెనక్కి వెళ్ళాలి. చాలామంది కథతో మొదలుపెట్టి ముందుకి వస్తారు, అందుకే ఎక్కడో తప్పిపోతారు.

రిజిస్టరు నకలు చేతికొచ్చాక పేర్లకన్నా ముందు వర్గం చూడండి. సొంత ఇనామా, ధర్మాదాయమా? సత్రాలు ధర్మాదాయం కిందకి వస్తాయి. సొంత ఇనాందారు ఏటా కొంత కట్టుబడి చెల్లించడానికి ఒప్పుకుంటే భూమిని పూర్తి హక్కుతో అతనికి వదిలేశారు. ధర్మాదాయాన్ని మాత్రం, ఆ ధర్మం నడుస్తున్నంత కాలం అనే షరతు మీద ఖాయం చేశారు. పేరు మీ తాతదే ఉండొచ్చు, కానీ ఆయన్ని సత్రం నడిపేవాడిగా రాశారా, భూమికి యజమానిగా రాశారా అన్నది ఆ వర్గంతో కలిపి చదివితేనే తెలుస్తుంది. తర్వాత 1956 నాటి ఇనాంల రద్దు చట్టం కింద రైత్వారీ పట్టాలు (ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే హక్కు పత్రాలు) ఇచ్చేముందు కూడా తేల్చుకున్నది ఇదే, భూమి సంస్థదా మనిషిదా అని. ఆ విచారణ ఉత్తర్వుల నకలు తీయించండి. ఇనాం రిజిస్టరు గురించి వాదించుకునేవాళ్ళు ఈ ఫైలుని మర్చిపోతూ ఉంటారు.

అపోహ: "పత్రం మీద తేదీ స్పష్టంగానే ఉంది."

వాస్తవం: ఉంది. "దుందుభి నామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి" అని ఉంది. దుందుభి 1862లో వచ్చింది, 1922లో వచ్చింది, 1982లోనూ వచ్చింది. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు దీనికి తోడైతే ఇంక చూసుకోండి, మనవడు చేసిన అమ్మకాన్ని తాత నెత్తిన రుద్దేస్తారు. స్టాంపు కాగితం మీద 1910లో రాజైన ఐదో జార్జి బొమ్మ ఉంటే 1862 అనే మాటే లేదు. ఫసలీ (జూలైతో మొదలయ్యే శిస్తు సంవత్సరం) వేసి ఉంటే 590 కలపండి, 1271 ఫసలీ అంటే 1861 జూలై నుంచి 1862 జూన్ దాకా. సాక్షుల పేర్లు, రాసిన కరణం పేరు కూడా రాసుకోండి, అవే చేతులు మరో తేదీ ఉన్న పత్రంలో దొరికితే కాలం ఖాయమవుతుంది.

అపోహ: "మాది ఏలూరు. రికార్డులన్నీ ఇక్కడే ఉంటాయి."

వాస్తవం: ఏలూరు 1859 నుంచి గోదావరి జిల్లాలో, 1904 నుంచి కృష్ణా జిల్లాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో, 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. ఊరు కదల్లేదు, ఫైళ్ళు కదిలాయి. అప్లికేషన్ మీద ఇప్పటి జిల్లా పేరొక్కటే రాస్తే "రికార్డు లభ్యం కాలేదు" అనే జవాబు వస్తుంది, అది నిజం కూడా. మీకు కావలసిన సంవత్సరంలో ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ముందు తేల్చుకోండి.

అపోహ: "ఈసీ తీశాం, ఏమీ లేదు."

వాస్తవం: కంప్యూటర్లో వచ్చే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) మామూలుగా 1983 నుంచే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ పుస్తకాలు తిరగేయించి చూడాల్సినవే. అమ్మకాలు, పంపకాలు ఒకటో పుస్తకంలో ఉంటాయి. వీలునామాలు మూడో పుస్తకంలో, దత్తత తీసుకోవడానికి భర్త భార్యకి రాసిచ్చిన అధికార పత్రాలు కూడా అందులోనే. సత్రం కట్టిన చాలామంది పిల్లల్లేనివాళ్ళు, పేరు నిలవాలనే కట్టారు, కాబట్టి మీకు కావలసింది ఆ మూడో పుస్తకంలో ఉండే అవకాశమే ఎక్కువ.

అపోహ: "కోర్టుకెక్కిన గొడవలు మాకొద్దండి, పరువు తక్కువ. వంశవృక్షం ఒక్కటి రాసివ్వండి చాలు."

వాస్తవం: ఆ గొడవ లేకపోతే వంశవృక్షం ఎక్కడినుంచి వస్తుంది? నా అనుభవంలో కలిసిమెలిసి బతికిన కుటుంబం గురించి దొరికేది చాలా తక్కువ. కొట్టుకున్నవాళ్ళ గురించి అయితే తేదీలతో సహా దొరుకుతుంది.

గొడవ ఎందుకొచ్చిందో కూడా చూడండి. జనం కాలినడకన, బండ్ల మీద వెళ్ళిన రోజుల్లో సత్రానికి పని ఉండేది. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి రాసుకున్న దినచర్య చూస్తే, ఏ మజిలీలో దిగడానికి చోటుందన్నది ప్రయాణికుడికి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరిచారు. మద్రాసు నుంచి కలకత్తా దాకా రైలు నడిచాక ఆ రోడ్డు మీద బాటసారి ఎవడు? వడ్డించడానికి మనిషి రాడు, భూమి మాత్రం ఏటా పండుతూనే ఉంది. ఆ పంట ఎవరిది అన్న దగ్గరే తగువు మొదలైంది.

ఇక దావా స్వభావం. 1956 హిందూ వారసత్వ చట్టం రాకముందు, కొడుకుల్లేకుండా పోయినవాడి ఆస్తి భార్యకి వచ్చినా అది ఆమె బతికున్నంత వరకే, తగిన అవసరం ఉంటే తప్ప అమ్మడానికి లేదు. ఆమె పోయాక భర్త తరఫు దగ్గర వారసులకి వెళ్ళేది, వీళ్ళనే కోర్టు భాషలో రివర్షనర్లు అంటారు. ఆవిడ కన్నుమూయగానే దాయాదులు దావా వేసేవాళ్ళు: ఆవిడ చేసిన అమ్మకం చెల్లదు, దత్తత చెల్లదు, మేమే దగ్గర వారసులం అని. దగ్గర అని చెప్పాలంటే ఎంత దగ్గరో చూపించాలి కదా, అందుకని ప్లెయింటుకి (దావా పత్రానికి) వంశవృక్షం జత చేసేవాళ్ళు. అవతలి పక్షం ఇంకొకటి పెట్టేది. రెండూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ ఉన్న పేర్లని దాదాపు నమ్మొచ్చు. ఒక్కదాంట్లోనే ఉన్న పేరు ఎక్కడుందో అసలు తగువు అక్కడుంది. ఆడపిల్లల పేర్లు మాత్రం రెండు పక్షాలూ కలిసికట్టుగా వదిలేస్తాయి, వాళ్ళ కోసం పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూముల దస్తావేజులు చూసుకోవాలి.

దత్తత తగువులు ఎంత దూరం పోతాయో తెలియాలంటే అమరావతి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి సంస్థానం చూడండి. ఆయన 1816లో పోయాక ఇద్దరు దత్తపుత్రుల పక్షాల మధ్య నడిచిన వ్యాజ్యం ఒక తరం పైగా సాగి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ (అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్ళింది, దత్తపుత్రుడు ఒకడు ఉండగా రెండో దత్తత చెల్లదని అక్కడ తేలింది. మీ సత్రం కేసు అంత దూరం పోకపోయినా మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి ఉండొచ్చు, ఎందుకంటే 1954లో గుంటూరులో మన హైకోర్టు పెట్టేదాకా అప్పీళ్ళన్నీ అక్కడికే. 1862 నుంచి మద్రాసు హైకోర్టు తీర్పులు అచ్చులో ఉన్నాయి. ఊరి పేరుతో, ఇంటిపేరుతో, ఇంగ్లీషువాడు దాన్ని ఎన్ని రకాలుగా రాయగలడో అన్ని రకాలుగా వెతకండి.

అపోహ: "పన్నెండేళ్ళు మేమే దున్నుకుంటున్నాం. అడంగల్లో పేరు మాదే. ఇంకేం కావాలి?"

వాస్తవం: ఇంకా చాలా కావాలి. అడంగల్, 1-బి లాంటివి శిస్తు కోసం రాసుకున్నవి, వాటితో హక్కు పుట్టదు. ధర్మకర్తగా చేతికొచ్చిన భూమిని ఎన్నేళ్ళు దున్నినా ధర్మానికి వ్యతిరేకంగా సొంతం చేసుకోలేరు. సొంత ఆస్తే అయినా, ఒక అన్నదమ్ముడి అనుభవం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క, మిగతావాళ్ళని బాహాటంగా కాదని గెంటేసినట్టు రుజువైతే తప్ప.

అపోహ: "ఎండోమెంట్స్ (దేవాదాయ శాఖ) వాళ్ళు లాక్కున్నారు, ఇక మాకు సంబంధం లేదు."

వాస్తవం: ఇందులో రెండు అపోహలున్నాయి. మొదట, 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది, సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది, నిజమే. కానీ వ్యవస్థాపకుడి కుటుంబ సభ్యుడికి ధర్మకర్తల మండలిలో చోటు ఉంది. దానికి శాఖ గుర్తింపు కావాలి, ఆ గుర్తింపుకి మగ సంతతి వరుసలో వంశం రుజువు కావాలి. రెండోది, ఆ చట్టం సెక్షన్ 43 కింద శాఖ రాసుకునే ధర్మసంస్థల రిజిస్టర్లో ఎక్కినంత మాత్రాన చర్చ ముగిసిపోదు. అది అసలు ధర్మసంస్థేనా, ఆ భూమి దానిదేనా అన్న వివాదం సెక్షన్ 87 కింద ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌లో తేల్చుకోవచ్చు. భూమి 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) కనిపించిందని టెన్షన్ పడిపోయి మధ్యవర్తుల చేతిలో డబ్బు పెట్టకండి. 43 రిజిస్టరు నకలు, ఇనాం రిజిస్టరు నకలు రెండూ కలిపి చదివించాకే లాయరుతో మాట్లాడండి.

అపోహ: "తెలంగాణలోనూ ఇదే పద్ధతి."

వాస్తవం: కాదు. నిజాం ప్రాంతానికి మద్రాసు ఇనాం కమిషన్ రాలేదు. అక్కడ సేత్వార్ (మొదటి సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (పొలాల వారీ హక్కు, అనుభవ రికార్డు), ఇనాంలకైతే అతియాత్ (ఇనాం హక్కుల) విచారణల ముంతఖబ్ (హక్కు, వారసత్వం తేల్చిన ఉత్తర్వు) చూడాలి. పాతవి ఉర్దూ, ఫార్సీలో ఉంటాయి, చదివేవాళ్ళని ముందే మాట్లాడుకోండి.

అపోహ: "పూటకూళ్ళ ఇల్లన్నా సత్రమన్నా ఒకటే కదా."

వాస్తవం: సత్రం ధర్మం, పూటకూళ్ళ ఇల్లు బతుకుతెరువు. డబ్బు పుచ్చుకుని భోజనం పెట్టిన ఇల్లు అది, చాలాచోట్ల భర్త పోయిన ఆడవాళ్ళే నడిపారు. దానికి ఇనాం ఉండదు, ధర్మాదాయం ఉండదు, కాబట్టి మీ పూర్వీకురాలు పూటకూళ్ళు నడిపి ఉంటే ఎండోమెంట్స్ ఆఫీసు చుట్టూ తిరగడం దండగ. గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో 1866లోనే మున్సిపాలిటీలు వచ్చాయి, ఇంటి పన్ను అప్పటినుంచీ ఉంది. పాత అసెస్‌మెంట్ రిజిస్టర్లు మిగిలి ఉన్నాయేమో అడగండి. వీధి పేరు, ఇంటి నంబరు ఈపాటికి ఎన్నోసార్లు మారి ఉంటాయి, నంబరు పట్టుకుని వెతికితే దొరకదు. దస్తావేజులో ఉన్న నాలుగు హద్దులూ, ఆ హద్దుల్లోని ఇళ్ళ యజమానుల పేర్లూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి.